మూడు స్తంభాలు చూసి, నాలుగింటికి సంతకం

గాలికారు, ఒకటో రోజు

ఓలేటి దానయ్య రాస్తున్న గాలి పుస్తకం ఇది. పీతలంక, మూడో వీధి, ఏడో ఇల్లు. ఉండేది ఇద్దరం, నేనూ నా భార్య వరహాలమ్మా.

గాలికారు, అంటే తుఫాన్ల రోజులు మొదలయ్యాక ఇంటి సంగతులు ఎవరికి వారు చేత్తో రాసుకోవాలని బీమా సంఘం నియమం. యంత్రంతో చెప్పి రాయిస్తే చెల్లదు. చేత్తో రాసేవాడు కాస్త ఆలోచించి రాస్తాడని వాళ్ళ నమ్మకం. ఇంటి సంగతులు మాత్రమే రాయమన్నారు. "ఇల్లంటే గోడలేనా ఏటి? నీకు తోచింది రాయి" అంది వరహాలమ్మ. అందుకని తోచిందల్లా రాస్తాను.

ఈ రోజు ఇంటి కింద గోతిలోకి దిగి పీపాలు చూశాను. మొత్తం ముప్ఫై రెండు. నీళ్ళు వచ్చినప్పుడు ఇంటిని పైకి తేల్చేవి ఇవే కాబట్టి ఒక్కటి కూడా కారకూడదు. కుండలు కొనేటప్పుడు చూసినట్టు ఒక్కొక్కదాన్నీ వేలి కణుపుతో కొట్టి విన్నాను. ముప్ఫై ఒకటి ఖంగుమన్నాయి. పంతొమ్మిదోది తడిసిన డప్పులా మొద్దుగా పలికింది. విప్పి చూస్తే అడుగున బిందెడు నీళ్ళు, ఆ నీళ్ళలో బతికున్న పీత.

పీపా మార్చాను. పీతను వరహాలమ్మ చేటలో పెట్టి కాలువలో వదిలింది. "పాపం, దాని ఇల్లు పోయింది. దానికి బీమా ఎవరిత్తారు?" అంది.

సాయంత్రం కాళ్ళు పీకాయి. వేడినీళ్ళు పోసుకుని, చింతచిగురు వేసిన రొయ్యల కూరతో రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాను. ఏటా ఈ పనంటే నాకు ఇష్టమే. ఇల్లు ఏడాదంతా మనల్ని మోస్తుంది. ఈ నాలుగు రోజులూ దాని ఒంట్లో ఎలా ఉందో మనం అడుగుతాం.

గాలికారు, నాలుగో రోజు

స్తంభాల పని. ఇంటికి నాలుగు మూలలా నాలుగు ఉక్కు స్తంభాలుంటాయి. ఇల్లు వరదకి కొట్టుకుపోకుండా, నిలువుగా లేచి నిలువుగా దిగేలా పట్టుకునేవి అవే. ఒక్కో మూలా ఒక్కో ఇనుప కడియంతో స్తంభానికి తగిలించి ఉంటుంది. కడియం సాఫీగా జారాలంటే స్తంభానికి తుప్పు గీకి, అడుగు నుంచి కొసదాకా గ్రీజు పూయాలి. పొద్దున్నే మొదలుపెడితే మధ్యాహ్నానికి నావి అయిపోయాయి.

తరవాత పక్కింటి కామేశు పిలిచాడు. మల్లాడి కామేశుకి నలభై ఏళ్ళు. నాలాగే సముద్రంలో తాళ్ళు కట్టి నాచు పెంచుతాడు. ఇంట్లో తల్లి బంగారమ్మ, భార్య సత్యవేణి, ఆరేళ్ళ కవల ఆడపిల్లలు. పక్కింటివాళ్ళు స్వయంగా చూసి ఒకరి పుస్తకంలో ఒకరు సాక్షి సంతకం చెయ్యాలి. పదిహేనేళ్ళుగా అతని పుస్తకంలో నేను, నా పుస్తకంలో అతను.

మూడు స్తంభాలు చూశాను, బాగా పూశాడు. నాలుగోది నాచు పందిరి వెనక ఉంది. పందిరి నిండా నాచు ఎండుతోంది. అదంతా దించితే గానీ అటు వెళ్ళలేం.

"దానిదేముంది బాబాయ్, రేపు పడవోడొచ్చి నాచు ఎత్తుకెళ్ళిపోగానే పూసేత్తాను. గ్రీజు కూడా తీసి ఉంచాను, చూడు" అన్నాడు.

గ్రీజు డబ్బా చూశాను. ఆకాశం కూడా చూశాను, చినుకులు పడేలా ఉంది. నాలుగింటికీ సంతకం పెట్టి ఇంటికొచ్చేశాను.

గాలికారు, తొమ్మిదో రోజు

కాపలా గాలిపటం ఎర్ర తోక దించింది. లంక మీద ఎప్పుడూ ఎగిరే ఈ పెద్ద గాలిపటం గాలి వాసన రెండు రోజుల ముందే పసిగడుతుంది. ఎర్ర తోకంటే పెద్ద తుఫాను. పేరు పెట్టే వంతు ఈసారి మన బడి పిల్లలదట. బాగా ఆలోచించి 'బుడంకాయ' అని పెట్టారు. పొద్దుట్నించీ రేడియోలో ఒడ్డు వార్తలు చదివే పెద్దమనిషి గంభీరమైన గొంతుతో "తీవ్ర తుఫాను బుడంకాయ" అన్నప్పుడల్లా వరహాలమ్మ పొట్ట పట్టుకుని నవ్వుతోంది.

కప్పు మీద కరెంటిచ్చే ఎండ పలకలకి మోకులు బిగించాను. కిటికీలకి చెక్కలు కొట్టాను. బియ్యం, ఊరగాయ జాడీలు వలల్లో కట్టి దూలాలకి వేలాడదీశాం.

గాలి వీచినంతసేపూ తలుపు తీయకూడదు. తీస్తే గాలి లోపలికి దూరి కప్పును కింద నుంచి తంతుంది. ఏ తలుపు ఎప్పుడు తెరుచుకుంది, చేత్తో తీశారా, గాలికే ఊడిందా అని గుర్తుపెట్టుకోవడానికి సంఘం వాళ్ళు ప్రతి ఇంటి గోడలోనూ ఒక చిన్న పెట్టె బిగించారు. తలుపు మనమే తీస్తే పోయినదానికి వాళ్ళు చెల్లించరు.

గాలికారు, పన్నెండో రోజు

బుడంకాయ నిన్న వచ్చి వెళ్ళింది. ఇద్దరం బాగానే ఉన్నాం. ఇంకో ఐదుగురు కూడా బాగానే ఉన్నారు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

నిన్న మధ్యాహ్నం భోజనాల వేళకి గోతిలోకి నీళ్ళొచ్చాయి. ఇల్లు ఒకసారి దగ్గినట్టు చప్పుడు చేసి మెల్లగా లేచింది. నాలుగు కడియాలూ వెన్నలో జారినట్టు జారాయి. వరహాలమ్మ నా కంచంలో మజ్జిగ పోస్తూ, "నీ గ్రీజు మంచిదే" అంది.

తూర్పు తలుపుకి అరచేయంత అద్దం ఉంది. అందులోంచి చూస్తే ఎదురుగా కామేశు ఇల్లు కనిపిస్తుంది. మూడు మూలలు లేచాయి. పందిరి వైపు నాలుగో మూల లేవలేదు. ఇల్లు ఆ మూలకి వాలిపోయి ఉంది. గడప మీంచి లోపలికి నీళ్ళు పోతున్నాయి. వెల్లువ ఇంకా పెరుగుతోంది. కవలలిద్దరూ కిటికీ చట్రం పట్టుకుని వేలాడుతున్నారు. కామేశు నోరు తెరిచి అరుస్తున్నాడు గానీ గాలిలో ఏమీ వినపడటం లేదు.

"తలుపు తియ్యి" అంది వరహాలమ్మ.

"తీస్తే కప్పు పోద్ది" అన్నాను. ఆ మాట అన్నది నేనే. అన్నాను కాబట్టి రాస్తున్నాను.

"పోతే పోద్ది" అని తనే వెళ్ళి అడ్డగడియ లాగింది.

తలుపు వచ్చి గోడకి కొట్టుకుంది. రెండిళ్ళ మధ్య దూరం రెండు బారలు. నిచ్చెన పడుకోబెట్టి అటు తోశాను. ఈ కొన మా గడపకి మోకుతో కట్టాను, ఆ కొన కామేశు పట్టుకున్నాడు. ముందు కవలలు ఒకరి తరవాత ఒకరు, నడుముకి తాడు కట్టుకుని పాకుతూ వచ్చారు. వరహాలమ్మ నేలమీద బోర్లా పడుకుని చేతులు చాపి ఇద్దర్నీ లాక్కుంది. తరవాత సత్యవేణి. చివరికి తల్లిని వీపున కట్టుకుని కామేశు. బంగారమ్మ కళ్ళు గట్టిగా మూసుకుని, కొడుకు చెవిలో దారంతా తిడుతూనే ఉంది.

కామేశు కాలు మా గడప దాటిన క్షణాన పడమటి సగం కప్పు లేచిపోయింది. పెద్దగా చప్పుడేమీ లేదు. పుల్లట్టు తిరగేసినట్టు లేచింది, పోయింది. ఎండ పలకలు, అటక, పరుపులు, నా నాచు విత్తనం అన్నీ దాంతోనే. నిచ్చెన లాగేసి తలుపు మూసి, ఏడుగురం వంటింటి మూల గట్టు కింద ఒకరినొకరు పట్టుకుని కూర్చున్నాం. బంగారమ్మ నా భుజం మీద తల పెట్టుకుంది. ఆవిడ బరువు కోడిపెట్టంత కూడా లేదు.

సాయంత్రం నాలుగు గంటలకి గాలి దక్షిణానికి తిరిగింది. కామేశు ఇల్లు ఒక్క కుదుపు కుదిపి నాలుగో మూల విడిపించుకుంది. ఏమీ ఎరగనట్టు తిన్నగా నిలబడి తేలింది. అద్దంలోంచి అది చూసిన కామేశు వెనక్కి తిరిగి నావంక చూశాడు. నేనూ చూశాను.

గాలికారు, పద్నాలుగో రోజు

సంఘం సర్వేయరు పడవలో వచ్చింది. కుడిపూడి హేమసుందరి, ముప్ఫై ఏళ్ళ పిల్ల, మెడలో కొలత టేపు. కప్పు పోయినచోట నిలబడి ఆకాశం వంక చూస్తూ, "గాలి బానే ఆడతందండి మీ ఇంట్లో" అంది. వరహాలమ్మకి ఆ పిల్ల అప్పుడే నచ్చింది. అన్నం తినకుండా వెళ్ళనివ్వలేదు.

అన్నం తిన్నాక గోడలో పెట్టె విప్పి చదివింది. ముఖం చిన్నబోయింది.

"తలుపు లోపల్నించి చేత్తో తీశారండి, బాబాయ్ గారూ."

"మేమే తీశామమ్మా" అన్నాను. జరిగిందంతా చెప్పాను, స్తంభం సంగతి తప్ప.

కామేశు ఇంట్లో పెట్టె తడిసి పాడైపోయింది. అందులో ఏమీ మిగల్లేదు. ఇల్లు మాత్రం నిలబడే ఉంది. లోపల నేల చెక్కలు ఉబ్బిపోయాయి, సామాను నానిపోయింది. కెరటం కొట్టి నీళ్ళు వచ్చాయని అతను క్లెయిము రాసిచ్చాడు. రాస్తున్నప్పుడు తల ఎత్తలేదు.

గాలికారు, పదిహేడో రోజు

జవాబు వచ్చింది. క్లెయిములు తేల్చేది సంఘంలో మాట్లాడే యంత్రం. ఎవరేం చెప్పినా తిరిగి ప్రశ్న వేస్తుంది కాబట్టి లంకలన్నిటా దాన్ని మేష్టారు అంటారు.

మేష్టారి జవాబు చిన్నదే. ప్రాణాపాయం తప్పించడానికి తలుపు తీస్తే నష్టం చెల్లిస్తాం. అయితే పక్కింటి నాలుగు స్తంభాలకూ గ్రీజు పూసినట్టు పక్కింటివాళ్ళ పుస్తకంలో ఉంది. అలాంటి ఇల్లు ఇరుక్కోదు. ఇప్పుడూ సరిగానే నిలబడి ఉంది. కాబట్టి అక్కడ ప్రాణాపాయం లేదు. మీరు భయపడి తలుపు తీశారు. సాక్షి సంతకం చేసినవారు ఓలేటి దానయ్య, అంటే మీరే. అభ్యంతరం ఉంటే సంఘం పడవ ఇరవయ్యొకటో రోజున మీ వీధికి వస్తుంది, ఆధారం చూపించండి.

ఆధారం ఈ పుస్తకమే. నాలుగో రోజు పేజీ తీసి ఇస్తే చాలు. ఇస్తే మాకు కప్పు వస్తుంది, కామేశు క్లెయిము పోతుంది. తప్పు సంతకం చేసినవాడిగా నేనూ దొరికిపోతాను.

వరహాలమ్మకి చదివి వినిపించాను. స్తంభం సంగతి తనకి మొదటిసారి తెలిసింది.

"మూడు చూసి నాలుగింటికి పెట్టావా?"

"పెట్టాను."

"బుద్ధుందా? ఆ పిల్లలు పోయుంటే?"

ఆరు రోజులుగా నన్ను తినేస్తున్న మాట కూడా అదే. ఆ సాయంత్రం నేను పందిరి దించమని ఉంటే అరగంట పని.

కాసేపటికి తనే అంది, "పుత్తకం ఇవ్వకు. వాడి కొంప వాడే చెప్పుకోవాలి, మనం చెప్పకూడదు. కప్పుదేముంది, టార్పాలిన్ కింద ఉందాం."

"నువ్వు ఉండగలవా?"

"చుక్కలు కనపడతన్నాయిగా" అంది.

గాలికారు, ఇరవయ్యో రోజు

వారం రోజులుగా రెండిళ్ళకీ ఒకటే వంట. మా వంటింటికి కప్పుంది, వాళ్ళ ఇంట్లో పొయ్యి తడిసింది. కామేశు తెల్లారకముందే వచ్చి టార్పాలిన్ తాళ్ళు బిగిస్తాడు, మా వాసాలు చెక్కుతాడు. ఎంత చెప్పినా ఆగడు. నాతో సరిగా మాట్లాడటం లేదు. ఇదివరకు పది మాటలు అనేచోట ఒకటే అంటున్నాడు.

ఈ మధ్యాహ్నం అందరం తింటుండగా బంగారమ్మ అడిగేసింది. "ఒరే దానయ్యా, మీ కప్పుకి డబ్బులు రాలేదంట. మమ్మల్ని లాగినందుకే పోయిందిగా. ఎందుకియ్యరంట?"

"వత్తాయిలే అక్కా. యంత్రం కదా, ఆలస్యం చేత్తది" అన్నాను.

కామేశు కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచిపోయాడు. కంచంలో సగం అన్నం అలాగే ఉంది.

గాలికారు, ఇరవయ్యొకటో రోజు

సంఘం పడవ పొద్దున్నే వచ్చి వీధి చివర కట్టింది. మేష్టారంటే పడవ మధ్యలో నిలబెట్టిన పాలక్యానంత ఇత్తడి గొట్టం. పక్కన హేమసుందరి కూర్చుంది. వీధిలో వాళ్ళంతా గట్టు మీద చేరారు. నేను ఈ పుస్తకం తువ్వాల్లో చుట్టి చంకలో పెట్టుకుని వెళ్ళాను. ఇవ్వకూడదనే అనుకున్నాను. మరి ఎందుకు పట్టుకెళ్ళానో తెలియదు.

"మల్లాడి కామేశు గారి ఇంటికి ప్రమాదం ఉందని మీకు ఎలా తెలిసింది?" అని అడిగారు మేష్టారు. గొంతు మెత్తగా ఉంటుంది.

వరహాలమ్మే ముందుకొచ్చింది. "అద్దంలోంచి చూశానండి. ఇల్లు వాలిపోయింది. పిల్లలు కిటికీ పట్టుకుని ఏలాడతన్నారు. అప్పుడు తలుపు తియ్యాలా, మీ పుత్తకాలు తిరగెయ్యాలా?"

"గాలిలో ప్రతి ఇల్లూ కొంత వాలుతుంది. భయం వేరు, ప్రమాదం వేరు. ఆ ఇల్లు ఇరుక్కుందని చూపించగలరా?"

వరహాలమ్మ నావైపు చూడలేదు. నా చంకలో పుస్తకం ఇటుకంత బరువుగా ఉంది. "చూపించలేమండి" అన్నాను.

వెనకనించి కామేశు గొంతు వినపడింది. "నేను చూపిత్తానండి."

మనుషుల్ని తప్పించుకుంటూ ముందుకొచ్చాడు. చేతిలో గ్రీజు డబ్బా ఉంది. మూత తీసి పడవ అంచున పెట్టాడు. నిండుగా, వేలి గుర్తు కూడా పడకుండా ఉంది.

"నాలుగో స్తంభానికి పుయ్యలేదండి. పందిరి మీద నాచుంది. పడవోడు రెండు రోజులు ఆలస్యం చేశాడు, ఈలోగా మరిచిపోయాను. తుప్పుకి కడియం పట్టేసింది. పిన్ని తలుపు తియ్యకపోతే మేం ఐదుగురం లేం."

"కామేశు గారూ, ఈ మాట నమోదైతే మీ క్లెయిము పోతుంది. ఆలోచించుకోవడానికి ఐదు నిమిషాలు ఇస్తున్నాను."

"ఐదు నిమిషాలు ఎందుకండి? పది రోజుల్నించీ ఆలోచిత్తన్నాను."

అప్పుడు నేను తువ్వాలు విప్పాను. నాలుగో రోజు పేజీ తీసి హేమసుందరి చేతికిచ్చాను. "అతనొక్కడిదే కాదమ్మా తప్పు. చూడకుండా సంతకం పెట్టినవాణ్ణి నేను" అన్నాను. ఆ పిల్ల పైకి చదివింది. "ఆకాశం కూడా చూశాను" అన్నచోట గట్టు మీద ఎవరో కిసుక్కుమన్నారు. నాకూ నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది.

మేష్టారు తీర్పు చెప్పారు. ప్రాణాపాయం నిజం. తలుపు తీయడం సరైన పని. మా కప్పు పూర్తిగా వాళ్ళే వేయిస్తారు. కామేశు క్లెయిము చెల్లదు, స్తంభం తుప్పు అతని పూచీ. ఇక నేను రెండేళ్ళపాటు ఎవరి పుస్తకంలోనూ సంతకం చేయకూడదు. మూడో వీధి సాక్షిగా ఇకమీదట వరహాలమ్మ ఉంటుంది.

"అలాగేనండి. నేనైతే పందిళ్ళు దింపిత్తాను" అంది వరహాలమ్మ.

ఇంటికి నడుస్తుంటే కామేశు నా పక్కకి వచ్చాడు. "ముందే చెప్పాల్సింది బాబాయ్. నోరు రాలేదు."

"నాకూ రాలేదురా" అన్నాను. ఆ పైన ఇదివరకటిలాగే ఇంటిదాకా పది మాటలూ మాట్లాడుకున్నాం.

గాలికారు, ఇరవయ్యారో రోజు

మా కొత్త కప్పు వచ్చింది. పాతదానికంటే మందం. సంఘం మనుషులు ఒక్కరోజులో బిగించి వెళ్ళారు.

కామేశు ఇంటి పని వీధి పంచుకుంది. ఎవరూ పంచలేదు, అదే పంచుకుంది. ఆరో ఇంటివాళ్ళు నేల చెక్కలు తెచ్చారు, రెండో ఇంటివాళ్ళు మేకులు. మా పాత కప్పులో మిగిలిన చెక్క నేనిచ్చాను. తుప్పు పట్టిన స్తంభాన్ని పెకలించి కొత్తది దింపడానికి పద్నాలుగు మందిమి పట్టాం. కామేశు నాచు పందిరిని ఇంటికి దూరంగా, కాలువ అవతల వేసుకున్నాడు. సత్యవేణి అందరికీ పెసరపునుగులు వేసింది. నావి లెక్కపెట్టలేదు గానీ వరహాలమ్మ లెక్కపెట్టిందట, పద్దెనిమిది.

ఒంటినిండా గ్రీజు, కడుపు నిండా తిండి. ఇంతకంటే మంచి రోజు ఈ ఏడు నాకు గుర్తులేదు.

గాలికారు, ముప్ఫై మూడో రోజు

ఈ రోజు కామేశు ఇల్లు లేపి చూశాం. కొత్త స్తంభం వేస్తే మళ్ళీ తుఫాను వచ్చేలోపు గోతిలోకి పంపులతో నీళ్ళు పెట్టి ఇల్లు లేస్తుందో లేదో చూడాలి. వీధిలో ఉన్న ఆరు పంపులూ కాలువలో దించాం. పిల్లలకి బడి సెలవిచ్చారు. హేమసుందరి కూడా పని కల్పించుకుని వచ్చింది.

అందరూ ఇంట్లోంచి దిగారు, బంగారమ్మ తప్ప. వీధి గది కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది.

"దిగవే అమ్మా. పరీక్ష చేత్తన్నారు" అని బతిమాలాడు కామేశు.

"మొన్న మీరు నన్ను మూటలా కట్టుకుని దాటించారు. కళ్ళు తెరిచి ఏమీ చూళ్ళేదు. ఇయ్యాల చూత్తాను. పొండి."

పంపులు మొదలుపెట్టాం. గోతి నిండుతుంటే పీపాల చుట్టూ బుడగలు వచ్చాయి. నీళ్ళు ఇల్లు లేవాల్సిన గుర్తుదాకా వచ్చాయి, గుర్తు దాటాయి. ఇల్లు కదల్లేదు. కామేశు గోతి అంచున చతికిలబడి కొత్త కడియం వంకే చూస్తున్నాడు. నేనూ అటే వంగి చూశాను. పద్నాలుగు మందిమి సరిగానే దింపామా, ఒక వేలెడు వంకర పోయిందా?

కిర్రుమంది. ఒక మూల, రెండో మూల, ఆ వెంటనే మిగిలిన రెండూ. ఇల్లు మెల్లగా, నిండుగా లేచింది. పిల్లలు కేకలు పెట్టారు. సత్యవేణి మాత్రం కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. కిటికీతో పాటు బంగారమ్మ కూడా మా తలల మీంచి పైకి వెళ్ళింది, నిలువెత్తు, ఇంకా పైకి, మా చూరు ఎత్తుదాకా.

"చాలు, ఇంక దింపుదాం" అని కామేశు పంపుల వైపు తిరిగాడు.

"ఆగండ్రా. అప్పుడే దించకండి" అంది బంగారమ్మ పైనుంచి. కిటికీలోంచి మొహం బయటికి పెట్టింది. తెల్లజుట్టు చెదిరి ఎగురుతోంది. "ఇంకాసేపు ఉండనియ్యండి. గాలి బాగుంది."

ఆవిడ దించమనేదాకా వీధంతా పంపులు ఆపేసి అక్కడే నిలబడ్డాం.